7337 ప్రధాన సంఖ్య ఎందుకు కాలేదు? అటూ ఇటూ ఒకేలా చదివే సంఖ్యల లెక్క

నెల్లూరు దర్గామిట్టలో సాయంత్రం పూట నేను లెక్కలు చెప్పే గదికి పోయిన నెల ఒక తొమ్మిదో తరగతి పిల్లవాడు మహా ఉత్సాహంగా వచ్చాడు. వాళ్ల మామ కొత్త బండి కొన్నాడు. ఫ్యాన్సీ నంబరు కోసం వేలంలో పాట పాడి మరీ 7337 తెచ్చుకున్నాడు. "సార్, యాడ నుంచి చదివినా 7337 నే వస్తది. పైగా అది ప్రైమ్ నంబరంట. ఏ ఎక్కంలోనూ పోదంట. అందుకే దానికి పవర్ ఎక్కువంట" అన్నాడు. ఎవరో వాట్సాప్‌లో పంపిన మెసేజ్‌లో అలా రాసి ఉందట.

పవర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు 11తో భాగించు నాయనా అన్నాను. భాగించాడు. 667 వచ్చింది, శేషం ఏమీ మిగల్లేదు. ముఖం చిన్నబోయింది. ఇది కాకపోతే ఇంకోటి అవుతుందిలే అని నోట్సులో 1331, 3773, 9119 వరసగా రాసుకుని భాగించుకుంటూ పోయాడు. 121, 343, 829. మూడూ 11 ఎక్కంలోనే పోయాయి. "ఇదేంది సార్, అన్నిటికీ పదకొండే తగులుతా ఉంది?" అన్నాడు.

మంచి ప్రశ్న. ఆ ప్రశ్న వెంట కొంచెం దూరం నడిస్తే, ఇప్పటికీ ఎవరూ తేల్చని లెక్క దగ్గరికి చేరతాం. దారిలో మన ఒంగోలు వైపు మనిషి పేరు కూడా ఒకటి తగులుతుంది.

## ముందు రెండు మాటలు తేల్చుకుందాం

తనతోనూ 1తోనూ తప్ప ఇంక దేనితోనూ నిశ్శేషంగా భాగించలేని సంఖ్య ప్రధాన సంఖ్య. 2, 3, 5, 7, 11, 13 ఇలా. 1ని ఈ వరసలో కలపరు. ఇంకో సంఖ్యతో కూడా నిశ్శేషంగా భాగం పోయేవి సంయుక్త సంఖ్యలు.

ఎడమ నుంచి చదివినా కుడి నుంచి చదివినా మారని మాటలు తెలుగులో కావలసినన్ని ఉన్నాయి. జలజ, నటన, మడమ, కిటికి. అన్నిటికంటే పేరున్నది వికటకవి. తెనాలి రామకృష్ణుడికి అమ్మవారు ఇచ్చిన బిరుదని కథ చెప్పుకుంటాం. ఇంగ్లిష్ వాళ్లు ఇలాంటి వాటిని పాలిండ్రోమ్ అంటారు. నేను పిల్లలకు 'వికటకవి సంఖ్యలు' అనే చెబుతాను, ఇక్కడా అదే మాట వాడతాను. 121, 7337, 15451 వికటకవి సంఖ్యలు. అందులో ప్రధాన సంఖ్యలు కూడా అయినవి మన విషయం.

ఈ రెండు గుణాలకూ ఒకదానితో ఒకటికి చుట్టరికం లేదు. పదమూడు చింతగింజలు నేల మీద పోసి సమానమైన వరసలుగా పేర్చమంటే ఎవరివల్లా కాదు. రెండేసి పెడితే ఒకటి మిగులుతుంది, నాలుగేసి పెట్టినా ఒకటి మిగులుతుంది. పదమూడు అని ఏ భాషలో పిలిచినా, ఏ అంకెల్లో రాసినా ఆ గింజలు అంతే. అంటే ప్రధానం కావడం సంఖ్య స్వభావం. వికటకవి కావడం అలా కాదు, అది మనం పదులు, వందలు, వేలుగా రాసుకునే పద్ధతిలో కనిపించే రూపం. ఒకటి లోపలి గుణం, ఇంకొకటి పైకి కనిపించే రూపం. ఈ రెండూ ఒకే సంఖ్యలో ఎప్పుడు కలుస్తాయో ముందే చెప్పడం ఎందుకింత కష్టమో దీన్నిబట్టే అర్థమవుతుంది.

## అంకెల లెక్క సరి అయితే 11 వదలదు

ఇప్పుడు పిల్లవాడి ప్రశ్నకు వద్దాం. 7337లో 7 రెండు చోట్ల ఉంది, వేల స్థానంలోనూ ఒకట్ల స్థానంలోనూ. రెండూ కలిస్తే 7007, అంటే 7 × 1001. 3 వందల స్థానంలోనూ పదుల స్థానంలోనూ ఉంది. రెండూ కలిస్తే 330, అంటే 3 × 110. ఇక 1001 చూస్తే 11 × 91, 110 చూస్తే 11 × 10. రెండు ముక్కలూ 11 ఎక్కంలోవే కాబట్టి మొత్తం కూడా 11 ఎక్కంలోకే పోతుంది. 7, 3 బదులు ఏ అంకెలు పెట్టినా ఇదే కథ. 1001, 110 మారవు కదా.

ఆరంకెల్లో అయితే ఆ ముక్కలు 100001, 10010, 1100. వరసగా 11 × 9091, 11 × 910, 11 × 100. ఎనిమిదంకెలకూ పదంకెలకూ ఇలాగే నడుస్తుంది. బడిలో చెప్పే 11 సూత్రంతో చూసినా తెలిసిపోతుంది. ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడి, ఆ రెండు మొత్తాల తేడా చూస్తాం. అంకెల లెక్క సరి అయినప్పుడు ఒక అంకె బేసి స్థానంలో ఉంటే దాని జోడీ సరి స్థానంలో పడుతుంది. రెండు మొత్తాలూ సమానమై తేడా సున్నా అవుతుంది.

అందువల్ల రెండంకెల వికటకవుల్లో 11 ఒక్కటే ప్రధాన సంఖ్య. నాలుగు, ఆరు, ఎనిమిది, ఇలా సరి సంఖ్యలో అంకెలున్న వికటకవుల్లో ఇంకొక ప్రధాన సంఖ్య లేదు, ఎంత దూరం పోయినా దొరకదు. పిల్లవాడి మామ నాలుగంకెల వికటకవి దేన్ని పాడుకున్నా 11 నుంచి తప్పించుకోలేడు. బండి నంబర్లు 1 నుంచి 9999 దాకా ఉంటాయి. ముందు సున్నాలు వదిలేసి చదివితే అందులో వికటకవి ప్రధానాలు మొత్తం 20. అవి 2, 3, 5, 7, 11, మిగతా పదిహేనూ మూడంకెలవి.

తేదీల మెసేజ్‌లకూ ఇదే సమాధానం. 22-02-2022 నాడు మా ఫోన్లన్నీ ఆ తేదీ గొప్పతనంతో మోగిపోయాయి. 22022022 ఎనిమిదంకెల సంఖ్య, 11 × 2002002. అంతకు ముందటి ఏడు వచ్చిన 12-02-2021 అయితే 11 × 1092911. ఇలాంటి తేదీ మళ్లీ 2030 ఫిబ్రవరి 3న వస్తుంది, 03-02-2030. అదీ 11 ఎక్కంలోదే. ఎనిమిదంకెలు అద్దంలా ఉన్నాయంటే చాలు, భాగించి చూసే పని కూడా లేదు.

## మూడంకెల్లో నలభై మందిలో పదిహేను

బేసి సంఖ్యలో అంకెలున్నప్పుడు మధ్య అంకెకు జోడీ ఉండదు. ఆ ఒంటరి అంకె వల్లే 11 పట్టు సడలుతుంది. మూడంకెల సంఖ్యలను కాగితం మీద పూర్తిగా జల్లెడ పట్టవచ్చు. ఆ రోజు మేము పట్టాం.

మూడంకెల వికటకవులు 90. మొదటి అంకే చివరి అంకె కూడా. ప్రధాన సంఖ్య చివర సరి అంకె గానీ 5 గానీ ఉండకూడదు కాబట్టి 2, 4, 5, 6, 8తో మొదలయ్యేవన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. మిగిలేవి 1, 3, 7, 9తో మొదలయ్యేవి. ఒక్కో వరసలో పది చొప్పున నలభై.

ఇప్పుడు 3 జల్లెడ. ఇక్కడ చిన్న సొగసు ఉంది. అంకెల మొత్తం చూడక్కర్లేదు. మధ్య అంకెకూ బయటి అంకెకూ తేడా 0, 3, 6 లేదా 9 అయితే 3తో పోతుంది. 141లో తేడా 3, 171లో 6, 393లో 6. ఇలా 14 సంఖ్యలు రాలిపోయి 26 మిగులుతాయి.

తర్వాత 7. మామూలుగా 7కు మంచి సూత్రం లేదని పిల్లలు గొణుగుతుంటారు. మూడంకెల వికటకవికి మాత్రం ముచ్చటైన సూత్రం ఉంది: బయటి అంకెనూ మధ్య అంకెనూ కూడితే 7 గానీ 14 గానీ వస్తే ఆ సంఖ్య 7 ఎక్కంలోది. 161లో 1 + 6. 343లో 3 + 4. 959లో 9 + 5. 707లో 7 + 0. ఎందుకంటే బయటి అంకె విలువ దాని 101 రెట్లు, మధ్య అంకె విలువ దాని 10 రెట్లు. 101ని 7తో భాగిస్తే శేషం 3, 10ని భాగించినా శేషం 3. రెండింటికీ ఒకే శేషం కాబట్టి కూడి చూస్తే సరిపోతుంది. ఇది చెప్పినప్పుడు పిల్లవాడు 252, 434, 525 అని తనంతట తనే రాసుకుని సరిచూసుకున్నాడు. మన జల్లెడలో 161, 343, 707, 959 పోతే 22.

11కు 121, 737, 979 పోతాయి, 363 అప్పటికే 3తో పోయింది. మిగిలినవి 19. అందులో పైకి అమాయకంగా కనిపించే నాలుగు ఉన్నాయి: 323 అంటే 17 × 19, 767 అంటే 13 × 59, 949 అంటే 13 × 73, 989 అంటే 23 × 43. వాటినీ తీసేస్తే మిగిలిన పదిహేను ఇవి:

101, 131, 151, 181, 191
313, 353, 373, 383
727, 757, 787, 797
919, 929

929 తర్వాతి వికటకవి ప్రధానం ఎక్కడుందో చూడండి. నాలుగంకెల సంఖ్యలన్నీ దాటుకుని 10301 దగ్గర. అక్కడి నుంచి 19991 దాకా ఒక గుంపు. ఆపైన మళ్లీ పెద్ద ఖాళీ, ఎందుకంటే 2తో మొదలైతే 2తోనే ముగియాలి. తర్వాతి గుంపు 30103తో మొదలవుతుంది. ఈ సంఖ్యలు గుంపులుగా, మధ్యలో ఖాళీలతో ఉండటంలో మర్మం ఏమీ లేదు, చివరి అంకెకు ఉన్న నిబంధన మొదటి అంకె మీద కూడా పడింది, అంతే.

## 15151 దగ్గర జరిగిన పొరపాటు

ఐదంకెల వాటిని ఇంటి దగ్గర చేసుకొస్తానని పిల్లవాడు పట్టుబట్టాడు. వారం తర్వాత 1తో మొదలయ్యే నూరింటినీ నోట్సులో నాలుగు పేజీల్లో రాసి తెచ్చాడు. ప్రధానాలకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. లెక్కపెడితే 27. నాకు తెలిసిన లెక్క 26. ఒకటి ఎక్కువైంది.

ఇద్దరం కూర్చుని వెతికాం. 15151 దగ్గర దొరికింది. 7తో, 11తో, 13తో మొదలుపెట్టి 101 దాకా ఓపికగా భాగించాడు. ఎక్కడా పోలేదు, ఇంక పోదులే అని సున్నా చుట్టేశాడు. ఎక్కడి దాకా భాగించాలో చెప్పే నియమం వర్గమూలం. ఒక సంఖ్య రెండు ముక్కల గుణకారం అయితే చిన్న ముక్క వర్గమూలాన్ని దాటదు. 15151 వర్గమూలం 123 పైచిలుకు. అంటే ఇంకా 103, 107, 109, 113 మిగిలే ఉన్నాయి. 109 దగ్గర భాగారం సరిగ్గా తెగింది: 109 × 139 = 15151. పక్కనే ఉన్న 15451, 15551 రెండూ నిజంగానే ప్రధానాలు. చూపుకు ఏ తేడా లేదు.

ఆ గుణకారం చూడగానే నాకు సంతోషం కలిగింది. అది వెయ్యేళ్ల పైబడిన గుణకారం. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుడి కాలంలో ఉన్న జైన గణితవేత్త మహావీరాచార్యుడు 'గణిత సార సంగ్రహం' అనే సంస్కృత గ్రంథంలో, ఫలితం మెడలో వేసుకునే హారంలా అటూ ఇటూ ఒకేలా వచ్చే గుణకారాలు కొన్ని ఇచ్చాడు. 139 × 109 అందులో ఒకటి. 152207 × 73 చేస్తే ఎనిమిది ఒకట్లు వస్తాయి, అదీ ఆయనదే. 12345679 × 9 చేస్తే తొమ్మిది ఒకట్లు.

ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. జైన సంప్రదాయపు ఉదాహరణల స్థానంలో శైవ ఉదాహరణలు పెట్టి, మన వాళ్లకు దగ్గరగా మార్చి రాశాడు. పావులూరు ఇంకొల్లు పక్క ఊరు. నిన్నమొన్నటి దాకా ప్రకాశం జిల్లాలోదే, 2022 విభజనలో బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. మల్లనది ఆ ఊరేనని మా వైపు గట్టిగా చెప్పుకుంటాం. తెలుగులో లెక్కల పుస్తకం ఇంత పాతదని పిల్లలకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అయితే మహావీరుడి హారాలు ఒక్కటీ ప్రధాన సంఖ్య కాదు, కావడానికి వీల్లేదు. గుణించి తయారుచేసినవి కదా. నాసిక్ దగ్గర దేవళాలీలో బడి పంతులుగా పనిచేసిన కాప్రేకర్ ముచ్చటపడ్డ 'డెమ్లో' సంఖ్యలూ అంతే. 111 × 111 = 12321, 1111 × 1111 = 1234321. చూడముచ్చటైన వికటకవులే, కానీ వర్గాలు. గుణకారంతో వికటకవిని తయారుచేయడం సులువు. గుణకారానికి లొంగని వికటకవిని పట్టుకోవడమే కష్టం.

## ఇవి మామూలు సంఖ్యలకంటే అరుదా?

చాలామంది అరుదనే అనుకుంటారు. లెక్క చూస్తే జవాబు అంత సూటిగా లేదు.

మూడంకెల వికటకవులు 90 ఉంటే ప్రధానాలు 15. ఐదంకెల్లో 900కి 93. ఏడంకెల్లో 9000కి 668. తొమ్మిదంకెల్లో 90,000కి 5,172. పదకొండంకెల్లో 9 లక్షలకు 42,042. శాతాల్లో చెప్పుకుంటే దాదాపు 16.7, 10.3, 7.4, 5.7, 4.7.

ఇప్పుడు వికటకవులన్న నియమం లేకుండా మామూలు సంఖ్యలు చూద్దాం. మూడంకెల సంఖ్యల్లో ప్రధానాలు 143, అంటే 15.9 శాతం. ఐదంకెల్లో 8,363, అంటే 9.3 శాతం. ఏడంకెల్లో 6.5, తొమ్మిదంకెల్లో 5.0 శాతం. ప్రతి వరసలోనూ వికటకవులదే కొంచెం పైచేయి!

ఇందులో మాయ ఏమీ లేదు. మామూలు సంఖ్య చివర 0 నుంచి 9 దాకా పది అంకెల్లో ఏదైనా రావచ్చు. అందులో ప్రధానానికి పనికొచ్చేవి నాలుగు. వికటకవి చివరి అంకె, మొదటి అంకె ఒకటే, మొదట సున్నా ఉండదు. కాబట్టి తొమ్మిదింటిలో నాలుగు. పదిలో నాలుగు కంటే తొమ్మిదిలో నాలుగు కొంచెం ఎక్కువ. ఐదంకెల 9.3 శాతాన్ని పది తొమ్మిదో వంతులు చేయండి, 10.3 వస్తుంది. మిగతా చోట్ల ఇంత కచ్చితంగా కలవదు గానీ దగ్గర్లోనే ఉంటుంది.

కాబట్టి బేసి అంకెల వికటకవుల్లో ప్రధానాలు అరుదు కాదు. వికటకవులే అరుదు. కోటి లోపు వికటకవి సంఖ్యలు 10,998 మాత్రమే, దాదాపు తొమ్మిది వందల సంఖ్యలకు ఒకటి. అందులో ప్రధానాలు 781.

## అంకెల పోకడలు

అన్నీ ఒకట్లే ఉన్న సంఖ్యలు వికటకవుల్లో అత్యంత సాదా రకం. 11 ప్రధానం. తర్వాత 19 ఒకట్లు, 23 ఒకట్లు, 317, 1031 ఒకట్లు ఉన్నవి ప్రధానాలు. మధ్యలో ఇంకేవీ కావు. ఒకట్ల లెక్క సంయుక్త సంఖ్య అయితే వెంటనే ముక్కలవుతుంది: ఆరు ఒకట్లను 111 × 1001 అని విడగొట్టవచ్చు. ఒకట్ల లెక్క ప్రధానమైతే సరిపోతుందా అంటే అదీ లేదు. 11111 = 41 × 271, ఏడు ఒకట్లు 239 × 4649.

18181, 32323, 72727, 94949 లాంటివి అలల్లా ఎగిసి దిగుతాయి. 13331, 16661, 19991 మధ్యలో మిట్టలా ఉంటాయి. ఇవన్నీ ప్రధానాలే. నాకు మరీ ఇష్టమైనది గోపురం. 2తో మొదలుపెట్టి రెండు వైపులా ఒకే అంకెలు అతికిస్తూ పోవాలి, అడుగడుగునా ప్రధానమే రావాలి:

2
30203
133020331
1713302033171

మార్కాపురం పలక మీద రాసుకుంటూ పోతే నిజంగా గుడి గోపురంలానే దిగుతుంది. ఇది ఇంకా కిందికి సాగుతుంది.

వాట్సాప్‌లో తిరిగే మరో పెద్ద సంఖ్య ఉంది: 1, ఆపైన 13 సున్నాలు, 666, మళ్లీ 13 సున్నాలు, 1. మొత్తం 31 అంకెలు. దీన్ని కనిపెట్టింది హార్వే డబ్నర్. పాశ్చాత్యుల్లో 666కూ 13కూ ఉన్న అపశకునం పేరు వల్ల క్లిఫర్డ్ పికోవర్ దీనికి 'బెల్ఫెగోర్' అనే దయ్యం పేరు పెట్టాడు. అది ప్రధాన సంఖ్య అన్నది నిజం. శకునం సంగతి మనుషులు అంటించినది.

రికార్డులకెక్కిన భారీ సంఖ్యలు మాత్రం కాసేపు ఆగి చూడదగ్గవి. 2021లో రయాన్ ప్రాపర్, సెర్జ్ బటలోవ్ కనుక్కున్న వికటకవి ప్రధానంలో 18,88,529 అంకెలు. నట్టనడుమ ఒక 8, మిగతావన్నీ 9లే. 2024 ఆగస్టులో ఆ ఇద్దరే 27,18,281 అంకెల దాన్ని పట్టుకున్నారు. అందులో రెండు 4లు, మిగతావన్నీ 9లు. 18 లక్షల అంకెల సంఖ్యను వర్గమూలం దాకా భాగించుకుంటూ పోవడం ఏ కంప్యూటర్ వల్లా కాదు. మరి ప్రధానమని ఎలా నిరూపించారు?

ఈ 9ల ఎంపికలోనే కిటుకు ఉంది. చిన్న నమూనా తీసుకుందాం, 99899. దానికి 1 కలిపితే 99900. చివర సున్నాలు వచ్చాయి. సున్నాలంటే 10లు, 10 అంటే 2 × 5. అసలు సంఖ్యకు 1 కలిపినా ఇంతే, దాదాపు సగం అంకెలు సున్నాలైపోతాయి. ఒక సంఖ్యకు ఒకటి అటో ఇటో ఉన్న పక్కింటి సంఖ్య కారణాంకాలు ఈ మాత్రం తెలిస్తే, ఆ సంఖ్య ప్రధానమో కాదో తేల్చే పద్ధతులున్నాయి. అందుకే వెతికేవాళ్లు నిరూపణ సాగే రూపాలనే ఏరుకుంటారు. ఆ రూపం ఉంటే చాలు ప్రధానం అయిపోతుందని కాదు: మన నమూనా 99899 విరిగి 283 × 353 అవుతుంది, 989 ఎలాగూ 23 × 43.

ఒకట్ల సంఖ్యలకు ఈ వెసులుబాటు లేదు. 49,081 ఒకట్ల సంఖ్య ప్రధానమే అయి ఉంటుందని డబ్నర్ 1999లోనే చెప్పాడు. పక్కా నిరూపణ 2022లో గానీ రాలేదు. పద్దెనిమిది లక్షల అంకెలది తేలిపోయి, యాభై వేల అంకెలైనా లేనిది ఇరవై ఏళ్లకు పైగా నిలబడింది. సంఖ్య పొడవు కంటే దాని పక్కింటి సంఖ్య ఎలాంటిదన్నదే ఇక్కడ ముఖ్యం.

## వీటికి అంతం ఉందా?

ప్రధాన సంఖ్యలు అనంతమని యూక్లిడ్ కాలం నుంచీ తెలుసు. వికటకవి ప్రధానాలు అనంతమా అన్నది ఈ రోజుకూ తేలలేదు.

అనంతమే అయి ఉంటాయనడానికి గట్టి కారణం ఉంది. అంకెలు రెండు పెరిగినప్పుడల్లా వికటకవులు పది రెట్లవుతాయి. ఒక సంఖ్య ప్రధానమయ్యే అవకాశం మాత్రం అంకెల లెక్కకు విలోమంగా, నెమ్మదిగా తగ్గుతుంది. పది రెట్లు పెరిగి కొద్దిగా తగ్గితే మొత్తం పెరగాలి కదా. 15, 93, 668, 5172, 42042 అన్న వరస చూస్తే అలాగే ఉంది. అయినా ఇది అంచనా. ఏ పొడవు తర్వాతో హఠాత్తుగా ఆగిపోవని దీనితో నిరూపించలేం.

ఇంకొక వైపు నుంచి 2004లో బ్యాంక్స్, హార్ట్, సకాటా అనే ముగ్గురు 'దాదాపు వికటకవులన్నీ సంయుక్త సంఖ్యలే' అని నిరూపించారు. ఈ మాట వినగానే పై అంచనా తప్పనిపిస్తుంది. తప్పు కాదు. దూరం పోయేకొద్దీ వికటకవుల్లో ప్రధానాల శాతం సున్నాకు దగ్గరవుతుందని దాని అర్థం. వర్గ సంఖ్యలు 1, 4, 9, 16 చూడండి. అన్ని సంఖ్యల్లో వాటి శాతం సున్నాకు పోతుంది, అయినా అవి అనంతం. శాతం తగ్గడం ఒకటి, ఆగిపోవడం ఇంకొకటి. వార్తల్లో ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

2023లో టక్సానిడీ, పనారియో అనే ఇద్దరు ఇంకొంచెం దగ్గరికి వచ్చారు. ఆరుకు మించి ప్రధాన కారణాంకాలు లేని వికటకవులు అనంతమని చూపించారు. మనకు కావలసింది ఒక్కటంటే ఒక్క కారణాంకం. ఆరు నుంచి ఒకటికి దిగడం చిన్న మెట్టు కాదు.

ఎందుకింత కష్టమంటే వికటకవులు మరీ పలచన. పోల్చి చూడండి: 7 అనే అంకే రాని ప్రధాన సంఖ్యలు అనంతమని జేమ్స్ మేనార్డ్ నిరూపించాడు, 7 బదులు ఏ ఒక్క అంకె నిషేధించినా అంతే. 2022లో ఆయనకు గణితంలో పెద్ద గౌరవమైన ఫీల్డ్స్ పతకం వచ్చింది. కోటి లోపు 7 లేని సంఖ్యలు సుమారు 48 లక్షలు. వికటకవులు పదకొండు వేలు. 48 లక్షల చోట్ల వెతికే వల పదకొండు వేల చోట్లకు పనికిరాదు.

## పదిని వదిలేస్తే

కంప్యూటర్లు వాడే 0, 1 పద్ధతిలో రాస్తే ఈ జాబితా అంతా తారుమారవుతుంది. 11 అక్కడ 1011, వికటకవి కాదు. 17 అక్కడ 10001, వికటకవే. మన మూడంకెల పదిహేనులో రెండు పద్ధతుల్లోనూ నిలబడేది 313 ఒక్కటే. బైనరీలో అది 100111001. 2024 అక్టోబరులో వార్తల్లోకి వచ్చిన, అప్పటికి తెలిసినవాటిలో అతి పెద్ద ప్రధాన సంఖ్య కూడా, రెండును 13,62,79,841 సార్లు గుణించి 1 తీసేస్తే వచ్చేది, బైనరీలో రాస్తే 13,62,79,841 ఒకట్ల వరస. పది పద్ధతిలో అలాంటి అద్దం ఏమీ కనపడదు.

దీన్ని చూపించి కొందరు గణితజ్ఞులు ఇదంతా కాలక్షేపమే అంటారు. మన రామానుజన్‌ను కేంబ్రిడ్జికి పిలిపించుకున్న హార్డీ ఆ పక్షమే. 8712 అంటే 2178కి నాలుగు రెట్లు, 9801 అంటే 1089కి తొమ్మిది రెట్లు. నాలుగంకెల్లో ఇలా తిరగబడేవి ఈ రెండే. ఇలాంటివి పజిళ్ల శీర్షికలకు బాగుంటాయి గానీ గణితజ్ఞుణ్ని కదిలించవని ఆయన రాశాడు. ఆ వాదనలో బలముంది. మనకు పది వేళ్లుండబట్టి పుట్టిన రూపం మీద పుట్టిన ప్రశ్న సంఖ్యల లోతు గురించి ఏం చెబుతుంది?

రెండో పక్షం వాళ్లు ఏ మానంలో, అంటే పది, రెండు లాంటి ఏ పద్ధతిలో రాసినా అదే ప్రశ్న నిలుస్తుందంటారు. టక్సానిడీ, పనారియోల ఫలితం కూడా ఒక్క పదికి కాదు, అన్ని మానాలకూ వర్తిస్తుంది. ప్రధాన సంఖ్యల అంకెల మొత్తం సరి, బేసిల మధ్య సమానంగా పంచుకుంటుందని 2010లో మోదుయి, రివా చూపించారు. దానికీ, మేనార్డ్ పనికీ కొత్త పనిముట్లు తయారుచేసుకోవలసి వచ్చింది. నాకు ఈ రెండో మాటే ఎక్కువ నచ్చుతుంది. ప్రశ్న ఆటలో పుట్టినా, దాన్ని విప్పడానికి చేసిన పనిముట్టు ఆట కాదు.

పిల్లవాడు నోట్సులో 15151 చుట్టూ ఉన్న ఎర్ర సున్నా కొట్టేసి పక్కన '109 × 139, మహావీరుడు' అని రాసుకున్నాడు. 3తో మొదలయ్యే నూరూ మొన్న పూర్తిచేశాడు, 24 వచ్చాయి. సరిగ్గా ఉన్నాయి. 7 వరసలోనూ 24 ఉండాలి, 9 వరసలో 19. ఆ రెండు అంకెలూ నేనింకా చెప్పలేదు. నిన్న సాయంత్రానికి 74747 దాకా వచ్చాడు.